ఏళ్ళ తరబడి షెడ్డులో ఉన్న బొలెరో: ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. నాన్నగారు 2008లో కొన్న డీజిల్ బొలెరో 2019 నుంచి కదల్లేదు. ఆయనకు ఒంట్లో బాగోలేక ఆపేశారు, తర్వాత ఆయన పోయారు. బండి జీడిపిక్కల షెడ్డులోనే ఉండిపోయింది. తిత్లీ తుఫానుకి ఆ షెడ్డు రేకులు సగం ఎగిరిపోయాయి, మళ్ళీ వేయించలేదు. నేను విశాఖలో చిన్న ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ బండి అమ్మొద్దంటోంది. ఆమెను ఆసుపత్రికి తిప్పడానికి పనికొస్తుందని నాకూ ఉంది. ఒక మెకానిక్ వచ్చి చూసి, ఇంజన్ దించి పని చేయాలి, టింకరింగ్, పెయింటింగ్, ఏసీ, సీట్లు అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు అవుతుందన్నాడు. నా దగ్గర డెబ్బై వేలు ఉన్నాయి. పదిహేనేళ్ళు దాటిన డీజిల్ బండిని రోడ్డెక్కనివ్వరని కొందరు అంటున్నారు. బాగు చేయించమంటారా, తుక్కుకి ఇచ్చేయమంటారా? ఏమీ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

సమాధానం: డెబ్బై వేలతో ఈ పని మొదలుపెట్టొచ్చు. అయితే మొదటి రూపాయి మెకానిక్‌కి ఇచ్చేలోపు మీరు స్వయంగా చూసుకోవాల్సినవి రెండున్నాయి: బండి అడుగున తుప్పు, బండి కాగితాలు. ఈ రెండింటిలో ఏది తేడాగా ఉన్నా ఇంజన్ ఎంత బాగున్నా లాభం లేదు. ఈ రెండూ చూడటానికి పెద్దగా ఖర్చూ లేదు.

ముందు మీ భయం సంగతి. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చింది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతంలో. మన జిల్లాలకు ఆ నియమం లేదు. ఇక్కడ ప్రైవేటు బండికి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీకి చూపించి, ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. మీది 2008 బండి కాబట్టి 2023లోనే గడువు తీరిపోయి ఉంటుంది. గడువు తీరిన ఆర్సీతో రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్ లేని బండి నడిపినట్టే లెక్క. అంతేగాని బండి బతుకు అయిపోయినట్టు కాదు.

ఇప్పుడు తుప్పు. మీ ఊరికి సముద్రపు గాలి తగులుతుంది, పైన సగం రేకులు లేవు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీకే రేకులు పోయాయంటే, బండి ఆగిన దగ్గర్నుంచీ ప్రతి వానా దాని మీదే పడిందన్నమాట. నాకు ఇంజన్ కన్నా ఇదే ఎక్కువ బెంగగా ఉంది.

పగటిపూట వెలుతురు బాగా ఉన్నప్పుడు వెళ్ళండి. ఇన్నేళ్ళు కదలని బండి కింద పాములూ తేళ్ళూ చేరి ఉంటాయి. ముందు పొడవాటి కర్రతో చుట్టూ కదిపి, బానెట్ మెల్లగా ఎత్తి చూశాకే చెయ్యి పెట్టండి. చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు అడ్డు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరొద్దు, గట్టి చెక్క దిమ్మలు పెట్టాకే దూరండి. ఒక చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్, టార్చి లైటు చాలు. బొలెరో బాడీ అంతా ఛాసిస్ అనే రెండు పొడవాటి ఇనుప దూలాల మీద కూర్చుంటుంది. వాటి మీద సుత్తితో జానెడుకో చోట కొట్టుకుంటూ వెళ్ళండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తిన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది, పొరలు పొరలుగా ఎర్రటి పొడి రాలుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. గీత పడి ఆగితే అది పైపై తుప్పు. బ్రష్‌తో గీకి రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర పూత) కొట్టిస్తే సరిపోతుంది. మొన లోపలికి దిగిపోతే మాత్రం ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

ముఖ్యంగా చూడాల్సింది వెనక కమాన్ పట్టీలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఛాసిస్‌కి బిగించే కొక్కేల దగ్గర, అడ్డ దూలాల అతుకుల దగ్గర, బ్రేకు పైపులు పోయే దారిలో. తర్వాత లోపలికి వచ్చి కాళ్ళ కింది మ్యాట్ ఎత్తి చూడండి. ఫ్లోర్ రేకుకి చిల్లు పడితే కొత్త రేకు వెల్డింగ్ చేయించుకోవచ్చు, ఐదారు వేలతో పోతుంది. తలుపుల కింద, వెనక మడ్‌గార్డుల్లో చిల్లులున్నా ఇప్పటికి వదిలేయండి. కానీ కమాన్ పట్టీ కొక్కెం దగ్గర ఛాసిస్ తినేసి, స్క్రూడ్రైవర్ దిగిపోతుంటే ఈ బండి మీద డబ్బు పెట్టకండి. అమ్మగారికి మీరే నెమ్మదిగా చెప్పండి. అలాంటి బండిలో ఆమెను కూర్చోబెట్టకూడదు. అప్పుడు గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి బండి అప్పగించినట్టు వాళ్ళిచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోండి. ఊళ్ళోకి వచ్చే తుక్కు వ్యాపారికి ఇచ్చేస్తే ఆర్సీ మీ నాన్నగారి పేరునే ఉండిపోతుంది, రేపు ఆ నంబర్ ఎక్కడ తేలినా మిమ్మల్నే అడుగుతారు.

ఛాసిస్ గట్టిగా ఉందనుకుందాం. ఇక కాగితాలు. ఆర్సీ తీసి హైపోథికేషన్ గడి (బండి మీద అప్పు ఉంటే రాసే చోటు) చూడండి. అప్పట్లో ఫైనాన్స్ మీద కొని, బాకీ తీర్చేసి, ఆ ఎంట్రీ తీయించకుండా వదిలేసినవాళ్ళు మన దగ్గర చాలామంది. ఉంటే ఆ బ్యాంకు నుంచి బాకీ లేదనే నోడ్యూస్ లెటర్, ఆ ఎంట్రీ తీయించడానికి ఫారం 35 తెచ్చుకోవాలి. పాత ఫైనాన్స్ కంపెనీలైతే దీనికే నెలలు పట్టొచ్చు, కాబట్టి ముందు ఈ పని కదపండి. యజమాని చనిపోయినప్పుడు వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31 ఉంటుంది. దాన్ని మూడు నెలల్లోపు ఇవ్వాలి. మీకు ఆలస్యమైంది కాబట్టి అదనపు రుసుము పడొచ్చు. మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం సిద్ధం చేసుకోండి. మీకు అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళ సంతకాలు ఇప్పుడే అడగడం మంచిది. పని అంతా అయ్యాక అడిగితే లేనిపోని మాటలు వస్తాయి.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫారం 25. పదిహేనేళ్ళు దాటి ఇరవై దాటని కారు తరగతి బండికి 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం పెట్టిన రుసుము 5,000 రూపాయలు. దాని మీద గడువు దాటిన ప్రతి నెలకూ అదనంగా ఉంటుంది, గ్రీన్ ట్యాక్స్ వేరు. లైఫ్ ట్యాక్స్ నాన్నగారు కొన్నప్పుడే కట్టి ఉంటారు. ఇన్సూరెన్స్ విషయానికొస్తే, 1500 సీసీ దాటిన ప్రైవేటు బండికి 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం 7,897 రూపాయలు, జీఎస్టీతో కలిపి 9,300 దాటుతుంది. ఈ మొత్తాలు మారుతుంటాయి కాబట్టి కట్టేరోజు చూసుకోండి. మీ ఆర్టీవో ఆఫీసులో ఆలస్య రుసుముతో సహా మొత్తం ఎంతవుతుందో లెక్క వేయించుకోండి. గడువు తీరిన బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి ఎలా తీసుకురావాలో కూడా అప్పుడే అడగండి. నా అంచనాలో కాగితాలకే పాతిక వేల దాకా పక్కన పెట్టుకోవాలి. మీ డెబ్బై వేలలోంచి ఇది పోతే రిపేరుకి మిగిలేది నలభై ఐదు. అందుకే ఖర్చు వరుస ముఖ్యం.

మెకానిక్ ఇంజన్ దించాలన్న మాట గురించి నేను గట్టిగానే చెబుతాను. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో) చూడకుండా, ఒక్కసారి కూడా తిప్పకుండా, ఆగిపోయిన ఇంజన్‌కి రీబోరు (సిలిండర్లను మళ్ళీ తొలిచే పని) కావాలని ఎవరూ చెప్పలేరు. నాన్నగారు ఆపేనాటికి బండి పొగ కొట్టకుండా, ఆయిల్ తాగకుండా నడిచిందా? అమ్మగారికి గుర్తుంటుంది, అడగండి. బాగా నడుస్తూ ఆగిన ఇంజన్ అయితే లోపల అరిగిపోవడానికి కారణం ఏమీ లేదు. ఇన్నేళ్ళ తేమకి రింగులు పట్టేయడం, వాల్వులు అంటుకోవడం జరగొచ్చు. చాలాసార్లు అవి ఇంజన్ దించకుండానే విడతాయి.

మీరు బానెట్ ఎత్తగానే సెల్ఫ్ కొట్టాలనిపిస్తుంది. మీ ఊళ్ళో ఎవరో ఒకరు తోసి స్టార్ట్ చేద్దాం అని కూడా అంటారు. రెండూ వద్దు. ట్యాంకులో ఉన్న డీజిల్ ఏళ్ళనాటిది. ట్యాంకు లోపలి గోడలకు పట్టిన తేమ నీళ్ళై అడుగుకి దిగుతుంది, ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగురులాంటి పాచి పెరుగుతుంది. ఒక్కసారి సెల్ఫ్ కొడితే ఆ నీళ్ళూ జిగురూ పంపులోకీ, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్‌లోకీ పోతాయి. మీ బండి కామన్ రైలు (సెన్సర్లతో నడిచే కొత్త తరహా డీజిల్ సరఫరా) రాకముందు మోడల్ అయితే దానికి మెకానికల్ పంపు ఉంటుంది. అలా ఉంటే మీ అదృష్టం, ఎందుకంటే సెన్సర్ల గొడవ తక్కువ. కానీ ఆ పంపు పాడైతే మీ బడ్జెట్ అక్కడే అయిపోతుంది.

కాబట్టి ట్యాంకు దింపించండి. పాత డీజిల్ అంతా తీసేసి, కొత్త డీజిల్‌తో రెండు మూడు సార్లు కడిగించండి. బయటికి వచ్చిందాన్ని ఒక తెల్ల సీసాలో పోసి కాసేపు ఉంచి చూడండి, నీళ్ళు అడుగున తేటగా కనిపిస్తాయి. డీజిల్ ఫిల్టర్ కొత్తది, రబ్బరు గొట్టాలు కొత్తవి వేయించండి. ట్యాంకు లోపల తుప్పు పొరలు లేచి ఉంటే కడగడంతో పోదు, విశాఖలో సెకండ్ హ్యాండ్ ట్యాంకు వెతకండి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ట్యాంకుతో పని లేకుండా శుభ్రమైన డబ్బాలో కొత్త డీజిల్ పోసి, పైపు నేరుగా దాంట్లో పెట్టి, చేతి పంపుతో గాలి తీసి చూడమనండి. నలుగురు మెకానిక్‌లలో ముగ్గురికి ఈ పద్ధతి తెలుసు, మనం అడగకపోతే చేయరు.

ఇంజన్ పక్క కూడా ఇదే ఓపిక కావాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి, జీడిపిక్కల షెడ్డు కాబట్టి ఎలుకలు గూడు కట్టకుండా ఉండవు. వైరింగ్ కొరికేసిన చోట్లు చూసి, తెగిన తీగలకే అతుకులు వేయించండి. వైరింగ్ కిట్ మొత్తం మార్చాలంటే ఒప్పుకోవద్దు. పాత ఇంజన్ ఆయిల్ కింద నుంచి తీయించండి. పాల రంగులో వస్తే లోపలికి నీళ్ళు వెళ్ళాయన్నమాట, అప్పుడు పని అక్కడ ఆపి కారణం వెతకాలి. నల్లగా వస్తే మంచిదే. కొత్త ఆయిల్, ఫిల్టర్ వేశాక నాజిల్స్ విప్పించి ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా, రెండు మూడు చెంచాలకు మించకుండా ఇంజన్ ఆయిల్ వేసి ఒక రోజు వదిలేయాలి. మర్నాడు ముందు భాగంలో క్రాంక్ పుల్లీ బోల్టుకి పెద్ద స్పానర్ వేసి చేత్తో తిప్పాలి. తేలిగ్గా తిరిగితే సగం గండం గడిచినట్టే. కదలకపోతే బలవంతంగా గడ్డపార వేయనివ్వకండి, ఇంకో రెండు రోజులు ఆయిల్ నాననివ్వండి.

చేత్తో తిరిగాక, నాజిల్స్ పెట్టకుండానే సెల్ఫ్‌తో కాసేపు తిప్పితే వేసిన ఆయిల్ బయటికి చిమ్మేస్తుంది. ఈ అడుగు దాటవేయకూడదు. సిలిండర్లలో ఆయిల్ ఉండగా స్టార్ట్ చేస్తే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే మండించుకుని అదుపు లేకుండా రేజ్ అయిపోయే ప్రమాదం ఉంది, అప్పుడు తాళం తిప్పినా ఆగదు. అందుకే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి వెళ్ళే గొట్టం మూయడానికి ఒకరు గట్టి చెక్క పలక పట్టుకుని సిద్ధంగా ఉండాలి, చెయ్యి అడ్డం పెట్టకూడదు. కంప్రెషన్ గేజ్ కూడా ఈ దశలోనే పెట్టి చూడాలి. నాలుగు సిలిండర్ల రీడింగులు దగ్గర దగ్గరగా ఉంటే ఇంజన్ దించే మాట మర్చిపోండి. ఒక్కటి బాగా తక్కువ వచ్చినా వెంటనే కంగారు పడకండి. కొన్నాళ్ళు నడిచాక పట్టేసిన రింగు విడి, రీడింగు పెరగడం మామూలే.

బ్యాటరీ పాతది చార్జింగ్ పెట్టి సమయం వృథా చేయొద్దు, ఎక్స్‌ఛేంజ్ మీద కొత్తది తీసుకోండి.

ఇక డబ్బు ఎక్కువ పోవాల్సిన చోటు బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అంటే ఇన్నేళ్ళూ మీ బ్రేకు పైపుల్లో నీళ్ళు కలిసిన ఆయిల్ నిలవ ఉంది. ముందు చక్రాల క్యాలిపర్ పిస్టన్లు, వెనక వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ మూడూ విప్పించి రబ్బరు కిట్లు మార్పించండి. లోపల గుంటలు పడి ఉంటే కిట్టుతో సరిపెట్టొద్దు, ఆ సిలిండరే కొత్తది వేయించండి. రబ్బరు హోస్ పైపులు బయటికి బాగున్నట్టే కనిపిస్తాయి, వంచి చూస్తే సన్నటి పగుళ్ళు తెలుస్తాయి. ఇనుప పైపులు సముద్రపు గాలికి తిన్నచోట కొత్తవి వేయించాలి. వెనక డ్రమ్ములకు షూలు అంటుకుపోయి చక్రం తిరగకపోవచ్చు, డ్రమ్ము మీద సుత్తితో నెమ్మదిగా తట్టి విడదీయాలి. ఆయిల్ పూర్తిగా కొత్తది పోసి గాలి తీయించాక, మీరే కూర్చుని పెడల్ తొక్కి చూడండి. రాయిలా నిలబడాలి. మెల్లగా కిందికి దిగుతుంటే ఎక్కడో కారుతోంది.

టైర్ల పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. ఉదాహరణకి 2316 అంటే 2016లో 23వ వారం తయారైందని. బటన్లు ఎంత లోతుగా ఉన్నా మీ టైర్ల వయసు అయిపోయింది. గాలి లేకుండా ఒకేచోట నిలబడి ఉన్నవి వేడికి పేలతాయి. బొలెరోకి వచ్చే 215/75 ఆర్15 సైజు ఎక్కడైనా దొరుకుతుంది. నాలుగూ కొత్తవే కొనండి, తయారీ తేదీ చూసి. స్టెప్నీకి ఉన్నవాటిలో మెరుగైనది ప్రస్తుతానికి పెట్టుకోండి. రీట్రెడ్ టైర్లు చౌకగా ఇస్తామంటారు, అమ్మగారు కూర్చునే బండికి వద్దు.

రేడియేటర్ విప్పించి శుభ్రం చేయించి, హోసులు, ఫ్యాన్ బెల్టు, కూలెంట్ కొత్తవి వేయించండి. వాటర్ పంపు నుంచి కారితే అదీ మార్చండి. వేడెక్కి హెడ్ గాస్కెట్ పోతే అప్పుడు నిజంగానే ఇంజన్ విప్పాల్సి వస్తుంది. గేరు ఆయిల్, వెనక హౌసింగ్ ఆయిల్, చక్రాల బేరింగులకు గ్రీజు చిన్న ఖర్చులే, వదలొద్దు.

లెక్క వేద్దాం. ధరలు షాపును బట్టి మారతాయి, ఇవి నా అంచనాలు. బ్యాటరీ ఏడు వేలు, ఆయిళ్ళూ ఫిల్టర్లూ ఐదారు వేలు, ట్యాంకు పని, డీజిల్ పైపులు నాలుగు వేలు, బ్రేకులు పది పన్నెండు వేలు, రేడియేటర్ వైపు ఐదు వేలు, కూలి పది వేలు. నలభై ఐదు వేల దాకా ఇక్కడే అవుతుంది. టైర్లకు ఇంకో పాతిక వేలకు పైన కావాలి, అది మీ దగ్గర లేదు. అయినా అప్పు చేయొద్దు. ఇంజన్ చేత్తో తిరిగి, కంప్రెషన్ బాగుందని తేలేదాకా మీకు పది పన్నెండు వేలకు మించి ఖర్చవదు. అక్కడ ఒకసారి ఆగి, మిగతా డబ్బు కూడబెట్టుకోండి. ఇన్నేళ్ళు ఆగిన బండి ఇంకో మూడు నాలుగు నెలలు ఆగితే పోయేదేమీ లేదు, పైన మాత్రం ఒక టార్పాలిన్ కట్టించండి. టింకరింగ్, పెయింటింగ్, సీట్లు, ఏసీ ఈ ఏడాదికి మర్చిపోండి. వాటి వల్ల బండి ఆగదు, బ్రేకుల వల్లే ఆగుతుంది.

మెకానిక్‌తో మొత్తం పనికి గుత్తగా మాట్లాడుకోవద్దు. ఒక్కో పనికి కూలి ఎంతో కాగితం మీద రాయించుకోండి, సామాను మీరే కొని ఇవ్వండి. మీరు ఉండేది విశాఖలోనే కాబట్టి గాజువాక వైపు ఆటోనగర్‌లో తిరిగి ధరలు కనుక్కోవడం మీకు తేలిక. బొలెరో ఇప్పటికీ అమ్ముడుపోతున్న బండి, సామానుకి కొరత లేదు. బ్రేకు సామాను మాత్రం కంపెనీదే కొనండి, సెకండ్ హ్యాండ్ వద్దు. తలుపులు, అద్దాలు, ట్యాంకు లాంటివి సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు. విప్పిన పాత సామాను అంతా మీకు అప్పగించమనండి. కోపంగా అడగక్కర్లేదు, మొదటి రోజే చెప్పి ఉంచితే మంచి మెకానిక్ ఏమీ అనుకోడు. విజయనగరం వైపు పాఠకులకు ఒక మాట: మీ బండి ఇలాంటిదే అయితే సాలూరులో కనుక్కోండి. లారీలకు పేరున్న ఊరు కాబట్టి డీజిల్ పంపు, కమాన్ పట్టీల పని చేయి తిరిగినవాళ్ళు అక్కడ దొరుకుతారు.

అన్నీ అయి, కాగితాలు చేతికి వచ్చాక నేరుగా హైవే ఎక్కి శ్రీకాకుళం వెళ్ళిపోకండి. మొదటి కొన్ని రోజులు మీ ఊరి చుట్టుపక్కల రోడ్ల మీదే, నలభై స్పీడు దాటకుండా తిప్పండి. ప్రతిసారీ ఆపాక కింద నేల మీద మరకలు, కూలెంట్ మట్టం, చక్రాల దగ్గర వేడి చూడండి. ఒక చక్రం మిగతావాటికన్నా ఎక్కువ కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందని అర్థం. 500 కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ ఆయిలూ, రెండు ఫిల్టర్లూ మళ్ళీ మార్చండి. లోపల కడిగిన మడ్డి అంతా అందులోకే వచ్చి ఉంటుంది. ఆ తర్వాత అమ్మగారిని ఎక్కించుకోండి.

ఈ వారంలో చేయాల్సింది ఆర్సీ తీసి హైపోథికేషన్ గడి చూడటం, ఆదివారం సుత్తి పట్టుకుని ఊరికి వెళ్ళడం. కమాన్ పట్టీ కొక్కేల దగ్గర మీకు అనుమానంగా ఉంటే ఫోటోలు తీసి పంపండి, వెల్డింగ్‌తో అవుతుందో లేదో చూసి చెబుతాను.